ఆవని గుడిని అడుగు నుంచి చదవడం

రామసముద్రం దాటి దక్షిణానికి పోతే రాష్ట్రం మారుతుంది గానీ నేల మారదు. అవే గుండ్లు, అవే బండలు, అవే టమాటా తోటలు. సంతలో వినపడేది కూడా చాలావరకు తెలుగే. కర్ణాటకలో ముళబాగిలు చేరుకుని, అక్కడి నుంచి పది పదమూడు కిలోమీటర్లు లోపలికి వెళ్తే ఆవని అనే పల్లె వస్తుంది. పల్లె చిన్నదే, గుడి మాత్రం చిన్నది కాదు. ఒకే ప్రాకారంలో రామలింగేశ్వరుడు, లక్ష్మణేశ్వరుడు, భరతేశ్వరుడు, శత్రుఘ్నేశ్వరుడు, పక్కన ఆంజనేయ, సుగ్రీవ, అంగదుల పేర్లతో మరికొన్ని చిన్న గుళ్లు ఉన్నాయి. అన్నింటిలోనూ లింగాలే. వీటిలో పాతవి వెయ్యేళ్లు దాటినవి.

ఇలాంటి పాత గుడికి వెళ్లగానే మన నోట వచ్చే మొదటి ప్రశ్న, ‘దీన్ని ఎవరు కట్టించారు?’ గైడు ఉంటే ఒక రాజు పేరు చెబుతాడు, పూజారి రాముడి పేరు చెబుతాడు. నిజానికి పల్లెటూరి పాత గుడికి ఆ ప్రశ్న సరిపోదు. రాజధానిలో ఒక చక్రవర్తి పట్టుబట్టి పదేళ్లలో లేపిన పెద్ద కోవెలకైతే సరిపోతుంది. పల్లె గుడి అలా పుట్టదు. ఒక తరం గర్భగుడి కడుతుంది, ఇంకో తరం మంటపం తగిలిస్తుంది, నాలుగు వందల ఏళ్ల తర్వాత ఎవరో ప్రాకారం లేపుతారు. అందుకని అడగవలసింది ‘ఏ భాగం ఎప్పటిది, దాన్ని అలా ఎందుకు కట్టారు?’ అని. దానికి జవాబు చాలావరకు గుడిలోనే ఉంటుంది. చూడటం మొదలుపెట్టవలసింది శిఖరం నుంచి కాదు, అడుగు నుంచి.

ముందు రాయి సంగతి. కోలారు, మదనపల్లె, పుంగనూరు పరిసరాల్లో కనపడే బూడిదరంగు బండలు భూమి మీది అతి పాత రాళ్లలో కొన్ని, రెండు వందల యాభై కోట్ల ఏళ్లకు అటూ ఇటూ వయసున్నవి. గట్టిదనంలో దీనికి తిరుగులేదు, పనివాడికి మాత్రం చుక్కలు చూపిస్తుంది. హళేబీడు శిల్పులకు దొరికిన మెత్తటి రాయిలో నగల తాళ్లు, జడ అల్లికలు కూడా చెక్కవచ్చు. ఇక్కడి రాతిలో ఆ సన్నపు పని చేయబోతే ఉలి మొన విరుగుతుంది, లేదా పెచ్చు లేచిపోతుంది. అందుకే మన వైపు గుళ్ల గోడలు నిరాడంబరంగా కనిపిస్తాయి. అది శిల్పి చేతకానితనం కాదు. ఏ రాతికి ఏది తగునో తెలిసినవాడి లెక్క అది.

బండను చీల్చే పద్ధతి తెలుసుకోవాలంటే ఇక్కడి గుట్టల మీద కాస్త తిరిగితే చాలు. కొన్ని గుండ్ల అంచున వరసగా తొలిచిన గుంటలు కనిపిస్తాయి. ఆ గుంటల్లో చీలలు దించి, ఒక కొస నుంచి ఇంకో కొసకు సమ్మెటతో వరసగా కొడుతూ పోతే బండ ఆ గీత వెంట నిలువునా పగులుతుంది. పలుచని పలకలు కావాలంటే ఇంకో మార్గం ఉంది. పరుపు బండ మీద కట్టెలు పేర్చి నిప్పు పెట్టి, మంటను మెల్లగా ముందుకు జరుపుకుంటూ పోతారు. వేడికి పైపొర వ్యాకోచించి కింది రాతి నుంచి విడివడుతుంది. ఎంతవరకు విడిందో సుత్తితో తట్టి, శబ్దాన్ని బట్టి తెలుసుకుంటారు. కోలారు, బెంగళూరు ప్రాంతపు వడ్డెర పనివాళ్లు ఈ పద్ధతిని ఇరవయ్యో శతాబ్దం దాకా వాడారు.

బరువు కూడా ఒకసారి లెక్క వేద్దాం. ఈ రాయి ఘనపుటడుగు డెబ్భై అయిదు కిలోలకు పైనే తూగుతుంది. పదడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర మందం ఉన్న దూలం అంటే ఇరవై రెండున్నర ఘనపుటడుగులు, సుమారు 1,700 కిలోలు. క్రేను లేని కాలంలో దాన్ని మనిషి తలకంటే ఎత్తుకు చేర్చాలి. గోడ లేచినకొద్దీ పక్కన మట్టితో ఏటవాలు కట్ట పోసుకుంటూ, దాని మీద రాతిని దొర్లిస్తూ, లాగుతూ తీసుకుపోవాలి. పని అయ్యాక ఆ మట్టంతా తవ్వి ఎత్తిపోయాలి. గుడి కట్టిన శ్రమలో ఉలి పని ఎంతో, గంప మోత కూడా అంతే.

ఇప్పుడు అడుగుభాగం. గర్భగుడి బయటి గోడ నేలలోంచి నేరుగా లేవదు. ముందు మెట్లుమెట్లుగా ఒక పీఠం ఉంటుంది, దాన్ని అధిష్ఠానం అంటారు. కింద వెడల్పాటి ఉపానం, దానిమీద నున్నటి జగతి, ఆ పైన గుండ్రంగానో పలకలుగానో ఉబ్బిన కుముదం, తర్వాత లోపలికి పోయిన కంఠం, అన్నిటికీ పైన పట్టిక. చూడటానికి అలంకారంలా ఉంటుంది గానీ ఇందులో పనుంది. పైనున్న టన్నుల బరువును వెడల్పుగా నేలకు పంచుతుంది. వాన నీళ్లు గోడ మొదట్లో నిలవకుండా దూరంగా జారిపోతాయి. ఇంకా ఒక ఉపయోగం ఉంది, చరిత్రకు సంబంధించినంతవరకు ఇదే ముఖ్యం. జగతి, కుముదం, పట్టిక బారుగా, నున్నగా, చేతికందే ఎత్తులో ఉంటాయి. శాసనం చెక్కించదలచినవాడికి అంతకంటే మంచి పలక ఎక్కడ దొరుకుతుంది? అందుకే ఈ ప్రాంతంలో ఏ పాత గుడికి వెళ్లినా చెప్పులు విప్పిన వెంటనే లోపలికి పోకుండా, వంగి పీఠం చుట్టూ ఒకసారి తిరగాలి. ఏ రాజు ఏలుబడిలో, ఏ ఏడు, ఏ మడి, ఎన్ని దీపాలకు నూనె, అన్నీ అక్కడే రాసి ఉంటాయి. ఆవని రాళ్ల మీది రాతలు ఎంత ముఖ్యమైనవంటే, కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాల జాబితాలో ‘రామలింగేశ్వర ఆలయాలు, శాసనాలు’ అని రెంటినీ కలిపే రాసుకుంది. ఈ శాసనాలను బి.ఎల్. రైస్ ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ పదో సంపుటంలో, అంటే కోలారు జిల్లా సంపుటంలో, 1905లో అచ్చువేయించాడు.

పీఠం పైన గోడ. ఆవనిలో అన్నింటికంటే అందమైనది లక్ష్మణేశ్వరాలయం. దాని గోడ ముందు నిలబడి చూస్తే, రాతి పలకల మధ్య సన్నటి కంబాలు గోడలోంచి సగం బయటికి వచ్చినట్టు వరసగా కనిపిస్తాయి. ఇవి కుడ్యస్తంభాలు. బరువు మోసేది గోడే, ఇవి కావు. మరెందుకున్నాయంటే, రాతి గుడికి ముందు కొయ్య గుడి ఉండేది. కొయ్య కట్టడంలో కంబాలు నిజంగానే కప్పును మోసేవి, మధ్య ఖాళీని మట్టితోనో పలకలతోనో మూసేవారు. రాతికి మారినప్పుడు అవసరం పోయింది, రూపం మిగిలింది. పైన ముందుకు వంగిన చూరు కూడా అలాంటిదే. దాన్ని కపోతం అంటారు. బోదకప్పు చూరు వంపునే రాతిలో దించారు. ఈ కుడ్యస్తంభాల మధ్య శివుడు, విష్ణువు, భైరవుడు, దుర్గ, గణపతి, ద్వారపాలకులు, యక్షులు కనిపిస్తారు. శివాలయం గోడ మీద విష్ణువేమిటని అనుమానపడనక్కర్లేదు. పదో శతాబ్దంలో ఇది మామూలు విషయం.

లోపలికి అడుగుపెడితే ముందు వచ్చే అనుమానం, ‘ఇన్ని స్తంభాలెందుకు? నాలుగు మూలల్లో నాలుగు చాలవా?’ అని. చాలవు. కారణం రాతి గుణంలోనే ఉంది. కాలువ మీద పలక వేసి మధ్యలో నిలబడితే ఏమవుతుందో గుర్తుచేసుకోండి. పలక కాస్త కుంగుతుంది. కుంగినప్పుడు దాని పైభాగం నొక్కుకుపోతుంది, కిందిభాగం సాగుతుంది. కొయ్య రెండింటికీ ఓర్చుకుంటుంది. రాయి నొక్కుడుకు ఎంతైనా ఓర్చుకుంటుంది గానీ సాగుడుకు ఓర్చుకోదు, కింది నుంచి టపీమని పగులుతుంది. కాబట్టి రాతి దూలానికి రెండు స్తంభాల మధ్య దూరం ఎక్కువ ఉండకూడదు. ఎనిమిది పది అడుగులు దాటితే ప్రమాదమే. ఆ దూరాన్ని ఇంకాస్త తగ్గించడానికే స్తంభం తల మీద రెండు వైపులా చేతులు చాచినట్టు బోదికలు పెడతారు. దూలం కొసలు వాటి మీద కూర్చుంటాయి, మధ్యలో ఆధారం లేని భాగం ఆ మేరకు తగ్గుతుంది. రాతికీ రాతికీ మధ్య సున్నం ఉండదు. బరువే అతుకు.

నాలుగు స్తంభాల మీద నాలుగు దూలాలు. వాటి నడుమ చదరం. దాన్ని కప్పే రాళ్ల అడుగు ముఖమే మనకు కనిపించే లోకప్పు. లక్ష్మణేశ్వరాలయంలో ఆ లోకప్పును తొమ్మిది గళ్లు చేసి, నడిమి గడిలో ఉమామహేశ్వరులను, చుట్టూ ఎనిమిది గళ్లలో అష్టదిక్పాలకులను చెక్కారు. ఈ తొమ్మిది గళ్ల లోకప్పు, అప్పట్లో ఈ నేలను ఏలిన నొళంబుల కాలపు పనికి ఒక గుర్తు. కాస్త మెడ నొప్పి పుట్టినా నిదానంగా చూడవలసిన చోటిది.

ఏనుగు మీద కూర్చున్నవాడు ఇంద్రుడు. ఆ వైపు తూర్పు. అక్కడి నుంచి వరసగా పొట్టేలు మీద అగ్ని, దున్నపోతు మీద యముడు, మనిషిని వాహనంగా చేసుకున్న నిరృతి, మకరం మీద వరుణుడు, లేడి మీద వాయువు, ఉత్తరాన కుబేరుడు, ఎద్దు మీద ఈశానుడు. కుబేరుడి వాహనం ఊరికో తీరుగా ఉంటుంది, అందుకని ఆయన్ను చివర గుర్తుపట్టడం మేలు. ఒక తమాషా చెప్తాను. ఉత్తరం పైన, తూర్పు కుడివైపు ఉండేలా మనం కాగితం మీద పటం గీస్తాం కదా, అదే పటాన్ని కప్పుకు అంటించి కింది నుంచి చూస్తే దిక్కులు కుదరవు. ఉత్తరం సరిచేస్తే తూర్పు పడమరలు తారుమారవుతాయి. రాయి నేల మీద వెల్లకిలా ఉండగా చెక్కి, తర్వాత బోర్లించి పైకి ఎత్తే శిల్పి ఈ తారుమారును ముందే లెక్కలో పెట్టుకోవాలి. అంటే ఇంద్రుడిని తూర్పున చూడాలంటే, పని చేస్తున్నప్పుడు అద్దంలో బింబంలా అమర్చుకోవాలి. లెక్క తప్పితే యముడు ఉత్తరానికి పోతాడు. 1,700 కిలోల దూలం ఎత్తిన వాళ్ల సత్తువ గురించి ఆశ్చర్యపోతాం గానీ, నాకు ఈ లెక్కే ఎక్కువ ఆశ్చర్యంగా ఉంటుంది.

ఇదే కాలంలో భూమికి ఆ చివర ఫ్రాన్సు పల్లెల్లోనూ రాతి గుళ్లు లేస్తున్నాయి. 910లో బర్గండీ ప్రాంతంలో క్లూనీ మఠం పుట్టింది. 1000 దాటాక ఆ చుట్టుపక్కల పల్లెపల్లెనా పాత చర్చీలను కూల్చి కొత్తవి కట్టారని, అదే ప్రాంతపు సన్యాసి రౌల్ గ్లాబర్ రాసిపెట్టాడు. వాళ్లకూ పెద్ద సమస్య కప్పే. కొయ్య కప్పులు తరచూ తగలబడేవి. రాతితో కప్పాలంటే దూలం చాలదు. వాళ్లు ఎంచుకున్నది కమాను. చిన్న రాళ్లను వంపుగా పేరిస్తే ప్రతి రాయీ పక్కరాతిని నొక్కుతుంది, ఏదీ సాగదు, కాబట్టి స్తంభాల అడ్డు లేకుండా వెడల్పాటి హాలు కప్పవచ్చు. కాకపోతే కమాను గోడల్ని బయటికి తోస్తూనే ఉంటుంది. ఆ తోపుడును ఆపడానికి గోడలు అడుగుల మందాన కట్టారు, బయట ఊతగోడలు పెట్టారు, కిటికీలు చిన్నవి చేశారు. అందుకే అక్కడి పాత పల్లె చర్చి లోపల విశాలంగా ఉంటుంది, బయటికి కోటలా కనిపిస్తుంది. ఈ తేడాకు ఇంకో కారణం కూడా ఉంది. అక్కడ ఊరంతా ఒకేసారి లోపల కూర్చుని ప్రార్థన వినాలి. మనకు ఆ అవసరం లేదు. గర్భగుడిలో దేవుడు, పూజారి పడితే చాలు. జనం వస్తారు, దణ్ణం పెట్టుకుంటారు, ప్రదక్షిణ చేసి వెళ్తారు, ఉత్సవమైతే దేవుడే బయటికి వస్తాడు. పది అడుగులకో స్తంభం ఉన్నా ఎవరికీ అడ్డం కాలేదు.

డబ్బు సంగతికి వస్తే రెండు చోట్లా మఠాలు కనిపిస్తాయి. క్లూనీ సన్యాసులకు భూములు, పంటలో పదోవంతు కట్టే రైతులు ఉండేవారు. ఆవనిలో? ఇక్కడ ఒక మనిషిని పరిచయం చేయాలి. పేరు త్రిభువనకర్త. శైవ సన్యాసి, కాలాముఖ సంప్రదాయానికి చెందినవాడని చరిత్రకారుల ఊహ. శక సంవత్సరం 883లో, అంటే క్రీ.శ. 961లో, ఆయన చనిపోయినప్పుడు వేసిన శాసనం ఆవనిలో ఉంది. ఆయన్ను కలియుగ రుద్రుడని పొగుడుతూ, ఆవని స్థానాన్ని నలభై ఏళ్లు ఏలాడని, యాభై గుళ్లు కట్టించాడని, రెండు పెద్ద చెరువులు తవ్వించాడని చెబుతుంది. ఏలింది రాజు కాదు, మఠాధిపతి. చెప్పుకున్న ఘనకార్యాలు గుళ్లు, చెరువులు.

యాభై గుళ్లు అన్నది ముచ్చటగా ఉంది గానీ, ఆ మాటలో నా దృష్టి రెండు చెరువుల మీదకే పోతుంది. ఈ నేలలో పెద్ద నది లేదు. వాన పడిన నెలల్లో నీళ్లు పట్టి ఉంచుకుంటేనే వరి. రెండు గుట్టల మధ్య మట్టి కట్ట వేస్తే చెరువు, దానికి తూము పెడితే కింద మడి, మడి పండితే దేవుడికి నైవేద్యం, దీపం, పూజారికి బత్తెం, శిల్పికి కూలి. అదనపు నీళ్లు పోవడానికి మరవ లేకపోతే మొదటి పెద్ద వానకే కట్ట తెగుతుంది. కాబట్టి చెరువు కట్టడంతో పని అయిపోదు, ఏటా మట్టి ఎత్తాలి, కట్ట చూడాలి. ఆ పని చేసినవాడికి చెరువు కింది భూమిలో ఒక భాగం ఇచ్చే ఏర్పాటు ఉండేది. నొళంబుల కాలపు కన్నడ శాసనాల్లో దాన్ని బిత్తువట్ట అన్నారు, తర్వాతి కాలంలో మన రాయలసీమలో దశబంధం ఇనాములు అదే కోవలోవి. గుడిని శాశ్వతంగా నడిపించింది రాజుగారి భక్తి ఒక్కటే అయితే, రాజ్యం పోయిన మర్నాడే దీపం ఆరిపోయేది. చెరువు మాత్రం ఏ రాజు వచ్చినా పండుతుంది. ఒక పల్లెలో ఇన్ని గుళ్లు ఎలా నిలిచాయన్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇదే.

రాజవంశం పాత్ర లేదని కాదు. ఆ కాలపు పాలకులు నొళంబులు. వాళ్ల రాజధాని హెంజేరు, ఇప్పటి హేమావతి, మన శ్రీసత్యసాయి జిల్లాలోనే ఉంది. రాష్ట్రకూటులకు లోబడి, ‘నొళంబవాడి 32,000’ అని పిలిచే ప్రాంతాన్ని ఏలారు. దివబ్బరసి అనే నొళంబ రాణి ఆవనిలో నొళంబనారాయణేశ్వరం అనే గుడి కట్టించినట్టు శాసనం ఉంది. ఆ పేరుతో ఇప్పుడు అక్కడ ఏ గుడీ లేదు. అన్నీ రామాయణం పేర్లే. కొండ మీద వాల్మీకి ఆశ్రమం ఉండేదని, లవకుశులు అక్కడే పుట్టారని, సొంత కొడుకులతోనే యుద్ధం చేసిన దోషం పోవడానికి రాముడూ తమ్ములూ ఈ లింగాలు ప్రతిష్ఠించారని స్థలపురాణం. కొండపైన సీతమ్మకూ గుడి ఉంది. వంశం పేరు పెట్టుకున్న గుడి ఆ కథలో కలిసిపోయింది. ఏ గుడి ఏ పేరుతో మొదలైందో శైలి చూసి, శాసనం చూసి తేల్చుకోవలసిందే. శత్రుఘ్నేశ్వరాలయం వీటన్నిటిలోకీ పాతదని, పశ్చిమ గాంగ రాజుల కాలానిదని ఒక అభిప్రాయం ఉంది.

నొళంబులకు మదనపల్లె వైపుతో కూడా లావాదేవీలున్నాయి, అవి కత్తి లావాదేవీలు. తొమ్మిదో శతాబ్దం చివర సోరెమడి అనే చోట పెద్ద యుద్ధం జరిగింది. ఒక పక్క బాణ, వైదుంబ రాజులు, ఇంకో పక్క నొళంబులు, గాంగులు. వైదుంబుల ముఖ్యపట్టణాల్లో ఒకటి మదనపల్లె దగ్గరి చిప్పిలి. ఆ యుద్ధంలో పడిన వీరుల కోసం వేసిన వీరగల్లులు మదనపల్లె ప్రాంతంలో దొరికాయి. వాటి మీద ఉన్నది వెయ్యేళ్ల కిందటి తెలుగు. తెలుగులో తొలినాటి శాసనాల కోసం వెతికేవాళ్లకు అవి బంగారం లాంటివి. ఇవాళ పొలం గట్టున పసుపు కుంకుమ పూసుకుని గ్రామదేవతగా నిలబడి ఉన్న రాయి నిజానికి సోరెమడికి పోయి తిరిగి రాని ఒక పల్లె మనిషి గుర్తు కావచ్చు.

పదో శతాబ్దం ముగిసేలోగా చోళ రాజరాజు నొళంబవాడిని పట్టుకున్నాడు. గెలిచినవాళ్లు గుళ్లను కూల్చలేదు, కొన్ని భాగాలను ఎత్తుకుపోయారు. కావేరి ఒడ్డున తిరువయ్యారు కోవెలలో నల్లరాతి స్తంభాలు కొన్ని చుట్టూ ఉన్న చోళ స్తంభాలతో ఏమాత్రం కలవవు. చదరపు మొదలు, నున్నటి మెరుపు, సన్నటి చెక్కడం. అవి నొళంబ నేల నుంచి విజయ చిహ్నంగా పోయినవి. హేమావతి స్తంభాలు, శిల్పాలు కొన్ని చాలా తర్వాత చెన్నై మ్యూజియం చేరాయి. సి. శివరామమూర్తి వాటి మీద 1964లో ఒక పుస్తకమే రాశాడు. ఎత్తుకుపోవడం ఎంత నిజమో, నిలబెట్టడం కూడా అంతే నిజం. చోళులు ఆవని గుళ్లకు మరమ్మతులు చేయించారు. కోలారులో కోలారమ్మ గుడి వాళ్ల కాలపుదే. అప్పటి నుంచి ఈ ప్రాంతపు పీఠాల మీద కన్నడం పక్కన తమిళం మొదలవుతుంది. పాలకుడి భాష మారింది, రాసుకున్న విషయం మారలేదు. మళ్లీ దీపమే, మళ్లీ మడే.

విజయనగర కాలానికి ముళబాగిలు ఒక పెద్ద రాజ్యపీఠమైంది. మదురై మీదికి దండెత్తిన కుమార కంపన పద్నాలుగో శతాబ్దంలో ఇక్కడి నుంచే పాలించాడు. ఆ దండయాత్రను ఆయన భార్య గంగాదేవి ‘మధురావిజయం’ కావ్యంగా రాసింది. విజయనగరపు చెయ్యి పడిన భాగాన్ని గుర్తుపట్టడం తేలిక. నొళంబ గుడి మనిషి ఎత్తుకు తగ్గట్టు, లోకప్పు చేతికి కాస్త పైన, నీడగా ఉంటుంది. విజయనగర మంటపం ఎత్తుగా, తెరుచుకుని, వరసల వరసల స్తంభాలతో ఉంటుంది. స్తంభాన్ని మూడు చదరాలుగా విడగొట్టి, ఒక్కో చదరం మీద ఒక్కో బొమ్మ. ఆంజనేయుడు, వేటగాడు, నాట్యగత్తె, వెన్నకృష్ణుడు. బొమ్మలు త్వరగా చెక్కినట్టుంటాయి, చూపు పట్టేది బొమ్మల కంటే స్తంభాల వరసలే. వచ్చే జనం పెరిగారు, ఉత్సవాలు పెరిగాయి, కల్యాణం చూడటానికి చోటు కావాలి.

ఈ శైలిని ఇంకా విడిగా చూడాలనుకునేవాళ్లు మదనపల్లె నుంచి ఉత్తరంగా ములకలచెరువు మండలంలోని సోంపల్లె వెళ్లాలి. అక్కడి చెన్నకేశవాలయం పూర్తిగా విజయనగర పని. గుడి ముందు ఒకే రాతితో నిలబెట్టిన ఎత్తైన ధ్వజస్తంభం, లోపల చెక్కడం నిండిన మంటపం, లోకప్పు మీద వర్ణచిత్రాలు ఉన్నాయి. లేపాక్షికి లక్షల మంది పోతారు, సోంపల్లె బోర్డు చూసి బండి ఆపేవాళ్లు ఎంతమంది? నిజం చెప్పాలంటే ఆవని, సోంపల్లె గుళ్లు రెంటినీ ఒకే రోజు చూడటం మంచి చదువు. పొద్దున ఆవని, మధ్యాహ్నం సోంపల్లె. అయిదారు వందల ఏళ్లలో రాతి పని ఎలా మారిందో ఏ పుస్తకం తెరవకుండానే తెలుస్తుంది.

ఆవనికి ఇవాళ పురావస్తు శాఖ కాపలా ఉంది, శివరాత్రికి పశువుల సంత జరుగుతుంది, జనం వస్తారు. నా బెంగ రక్షిత జాబితాలో లేని గుళ్ల గురించి. రామసముద్రం, పుంగనూరు, చౌడేపల్లె చుట్టుపక్కల పల్లెల్లో మూడొంతులు కూలిన ఈశ్వరాలయం, చెన్నరాయుడి గుడి ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఊరికి నాలుగు డబ్బులు రాగానే జీర్ణోద్ధరణ మొదలవుతుంది. ఉద్దేశం మంచిదే. పాత రాతి గోడకు ఆయిల్ పెయింటు, పీఠం చుట్టూ టైల్సు, నేల ఎత్తు చేయడానికి సిమెంటు కాంక్రీటు. ఆ కాంక్రీటు కింద ఉపానం, జగతి మునిగిపోతాయి. శాసనం ఉండేది అక్కడే. ఇసుకను మిషనుతో కొట్టి రాతిని తెల్లగా చేసే పద్ధతి ఇంకా ఘోరం. వెయ్యేళ్ల వానకు చెరగని అక్షరం దానికి గంటలో అరిగిపోతుంది. పైగా సిమెంటు నీటిని లోపల బంధిస్తుంది. సున్నపు గచ్చు అయితే తడిని పీల్చి మళ్లీ వదిలేస్తుంది.

కాబట్టి మీ ఊరి గుడికి పని మొదలుపెడుతుంటే, మేస్త్రి రాకముందే పీఠం చుట్టూ ఒకసారి చూడండి. అక్షరాలు ఎదురుగా ఎండ పడినప్పుడు కనపడవు. పొద్దునో సాయంత్రమో ఎండ పక్కవాటుగా పడ్డప్పుడు, లేదా రాత్రి టార్చిలైటు గోడకు ఆనించి పక్కకు వేసినప్పుడు గీతల నీడలు లేస్తాయి. అప్పుడు ఫొటో తీయాలి. సుద్దముక్కతో అక్షరాలు దిద్దడం, ఉలితో గీకి చూడటం వద్దు. లిపి అర్థం కాకపోయినా ఫరవాలేదు. తెలుగు, కన్నడం అప్పట్లో దాదాపు ఒకే లిపి, మామూలు కంటికి రెండూ తెలియవు. కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం మైసూరులో ఉంది, రాష్ట్ర పురావస్తు శాఖ కూడా ఉంది. కబురు అందితే వాళ్లు వచ్చి అచ్చు తీసుకుంటారు. దానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. రాతిని నీళ్లతో శుభ్రంగా కడిగి, తడిపిన కాగితం అంటించి, గట్టి కుంచెతో అది గీతల్లోకి దిగేదాకా కొడతారు. ఆరీ ఆరకముందే సిరా అద్దిన మెత్తతో పైపైన తడతారు. గుంటపడ్డ అక్షరం తెల్లగా మిగులుతుంది, చుట్టూ నల్లబడుతుంది. కాగితం ఆరాక ఒలిచి, చుట్ట చుట్టి తీసుకుపోతారు. రాతికి మరక కూడా అంటదు.